625 బిళ్ళలో ఆ 125 సంగతి

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ ముందేసుకుని కూర్చుంటే సగానికి పైగా ఒకే బిళ్ళ గురించి. మందు పేరు రాసినవాళ్ళు తక్కువ, అందరూ "సిక్స్ ట్వంటీ ఫైవ్" అనే రాశారు. ఆగ్‌మెంటిన్ అనండి, క్లావమ్ అనండి, మోక్సికైండ్ సీవీ అనండి, లోపల సరుకు ఒకటే: అమాక్సిసిలిన్, దానికి జోడీగా క్లావులానిక్ యాసిడ్. నేను గుంటూరులో ఒక ఆసుపత్రి ఫార్మసీ కౌంటర్ వెనక చాలా ఏళ్ళు నిలబడ్డాను, "మేడం, ఒక నాలుగు 625లు ఇవ్వండి" అని శనగపప్పు అడిగినట్టు అడిగేవాళ్ళు, చీటీ ఏదీ అంటే మొహం మాడ్చుకుని పక్క షాపుకి పోయేవాళ్ళు. సరే, ఈ నెల కాలమ్ మొత్తం దానికే ఇచ్చేద్దాం. డోసు ఎంత, ఎన్ని రోజులు అనేది మాత్రం నన్నడగొద్దు, అది మిమ్మల్ని చూసిన డాక్టర్ చెప్పాల్సిందే.

ప్రశ్న: మా ఆయనకి పోయిన నెల పన్ను వాచి నొప్పొస్తే డాక్టర్ 625 పది బిళ్ళలు రాశారు. ఆరు వేసుకున్నాక తగ్గిపోయిందని మానేశారు. నాలుగు మిగిలాయి. ఇప్పుడు నాకు గొంతు నొప్పి, ముక్కు కారడం, కొంచెం జ్వరం. ఆ నాలుగూ వేసుకోవచ్చా? 625 బాగా పవర్ కదా, నాలుగు చాలవా? (ఒక పాఠకురాలు, తణుకు)

జవాబు: వద్దమ్మా. ముందు ఈ "పవర్" సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అసలు తిప్పలన్నీ అక్కడే మొదలవుతున్నాయి. 625 అనేది పవర్ కాదు, ఉత్త కూడిక. అమాక్సిసిలిన్ 500 మిల్లీగ్రాములు, క్లావులానిక్ యాసిడ్ 125 మిల్లీగ్రాములు, రెండూ కలిపితే 625. అంతే. 650 డోలో కంటే 25 తక్కువ కాబట్టి దానికంటే వీక్ అని ఒకాయన నాతో సీరియస్‌గా వాదించాడు కూడా.

ఇందులో సూక్ష్మజీవిని చంపే పని చేసేది 500 వాటా ఉన్న అమాక్సిసిలిన్, అది పెన్సిలిన్ కుటుంబం మందు. మరి 125 ఎందుకంటే, కొన్ని బాక్టీరియాలు తెలివిమీరి ఒక ఎంజైమ్ తయారుచేసుకుంటాయి, అది కత్తెరలాగ పెన్సిలిన్ మందుని మధ్యకి కత్తిరించి పారేస్తుంది. క్లావులానిక్ యాసిడ్ వెళ్ళి ఆ కత్తెరలో ఇరుక్కుపోతుంది, తను పాడైపోతుంది, కత్తెరనీ పనికి రాకుండా చేస్తుంది, ఈలోగా అమాక్సిసిలిన్ తన పని తను చేసుకుపోతుంది. క్లావులానిక్ యాసిడ్‌కి సొంతంగా బాక్టీరియాని చంపే శక్తి చాలా కొంచెమే. మట్టిలో ఉండే ఒక రకం బాక్టీరియా నుంచి దీన్ని 1970ల్లో బ్రిటన్‌లో బీచమ్ అనే కంపెనీ వాళ్ళు పట్టుకున్నారు, 1981లో అక్కడ ఆగ్‌మెంటిన్‌గా బయటికొచ్చింది. అంటే ఈ జోడీ వయసు నలభై దాటింది, కొత్త మందేం కాదు.

ఇప్పుడు మీ గొంతు దగ్గరికి వద్దాం. ముక్కు కారుతోంది, గొంతు నొప్పి, కొంచెం జ్వరం అంటే నూటికి ఎక్కువ భాగం అది వైరస్. వైరస్ మీద 500 పనిచేయదు, 125 అసలే పనిచేయదు. ఒకవేళ నిజంగానే బాక్టీరియా గొంతు అయినా, మామూలుగా గొంతు పట్టే స్ట్రెప్టోకాకస్ దగ్గర ఆ కత్తెర లేనే లేదు! దానికి ఉత్త పెన్సిలిన్ గానీ ఉత్త అమాక్సిసిలిన్ గానీ సరిపోతుంది. అంటే మీరు ఆ 125ని ఊరికే కడుపులో వేసుకుని దాని వల్ల వచ్చే విరేచనాలు మాత్రం అనుభవిస్తారన్నమాట. పైగా నాలుగు బిళ్ళలంటే రోజుకి రెండు చొప్పున రెండు రోజులు, ఏ జబ్బుకీ అది కోర్సు కాదు. మీకు పడని బాక్టీరియా కొన్ని చస్తాయి, ఒంట్లో మామూలుగా ఉండే మంచివి బోలెడు చస్తాయి, మిగిలిన మొండివి స్థిరపడతాయి.

ఉప్పునీళ్ళు పుక్కిలించండి, జ్వరానికి పారాసెటమాల్ వేసుకోండి, ముద్ద మింగలేనంత నొప్పి ఉన్నా, మూడు రోజులు దాటినా, మెడ దగ్గర గడ్డలు వాచినా డాక్టర్‌కి చూపించండి. మీ వారి సంగతేంటంటారా, ఆయన ఆరింటికి ఆపడం గురించి నేను తిట్టను గానీ ఆపే ముందు ఆ పంటి డాక్టర్‌కి ఒక ఫోన్ కొట్టాల్సింది, ఆయనే "సరే ఇక చాలు" అనేవారేమో, లేదా పన్ను తెరిచి చీము తీయాలి రమ్మనేవారేమో. పన్ను లోపల కుళ్ళుంటే బిళ్ళ వాపుని అణుస్తుందే గానీ పన్నుని బాగుచేయదు, రెండు నెలల్లో మళ్ళీ అదే బుగ్గ వాపు. ఆ మిగిలిన నాలుగూ ఇంకెవరికీ ఇవ్వకండి, దాచకండి కూడా. ఎందుకు దాచకూడదో చివర్లో ఇంకో ఉత్తరం ఉంది, అక్కడ చెప్తా.

ప్రశ్న: 625 వేసుకున్న రెండో రోజు నుంచే మోషన్స్ అవుతున్నాయి. పరగడుపున వేసుకుంటే బాగా పట్టుద్దని మా అన్న చెప్పాడు, అలాగే వేసుకుంటున్నా. షాపులో ఒకసారి 625 లేదని 375 ఇచ్చి రెండేసి వేసుకోమన్నాడు. పెరుగు తినొచ్చా? (నిజామాబాద్)

జవాబు: మీ అన్నకి నా నమస్కారాలు చెప్పండి, కానీ ఈ ఒక్క మందు విషయంలో ఆయన మాట వినకండి. ఇది పరగడుపు మందు కాదు. అలాగని తిన్న గంటకి వేసుకునేదీ కాదు. కంచం ముందు కూర్చుని మొదటి రెండు ముద్దలు తిని బిళ్ళ మింగి మిగతా అన్నం తినేయండి. అలా వేసుకుంటే ఆ 125 ఒంటికి బాగా పడుతుంది, కడుపులో తిప్పడం, మోషన్స్ కూడా తగ్గుతాయి. అమాక్సిసిలిన్‌కి తిండితో పెద్ద పేచీ లేదు, ఈ రూలు పెట్టింది క్లావులానిక్ యాసిడ్ కోసమే.

375 సంగతి విన్నాక మాత్రం నాకు మండింది. 375 బిళ్ళలో అమాక్సిసిలిన్ 250 ఉంటుంది, క్లావులానిక్ యాసిడ్ మాత్రం అందులోనూ అదే 125. 625లో సగం కాదది! రెండు 375లు వేసుకుంటే అమాక్సిసిలిన్ 500 సరిగ్గానే వస్తుంది, క్లావులానిక్ యాసిడ్ 250 అయిపోతుంది. రెట్టింపు. 1000 అని రాసి ఉండే పెద్ద బిళ్ళలో కూడా చూడండి, 875 ప్లస్ 125. సైజు పెరిగినా తగ్గినా 125 మాత్రం కదలదు, కంపెనీలు దాన్ని కావాలనే అక్కడ ఆపాయి, ఎందుకంటే విరేచనాలు పెట్టేది ఎక్కువగా అదే. కాబట్టి మీ కడుపు చెడడంలో ఆ డబుల్ డోసుకి కూడా వాటా ఉండే ఉంటుంది. "అదే మందండీ, రెండేస్కోండి" అని ఎవరన్నా అంటే వద్దు, 625ఏ తెప్పించమని చెప్పండి.

పెరుగు శుభ్రంగా తినండి, మజ్జిగ తాగండి. డాక్టర్ కడుపు కోసం ప్రోబయోటిక్ క్యాప్సూల్ రాస్తే దాన్నీ 625నీ ఒకేసారి మింగకుండా రెండు గంటలు ఎడం ఇవ్వండి, లేకపోతే దాంట్లో ఉన్న మంచి బాక్టీరియాని ఇది చంపి కూర్చుంటుంది. రోజుకి మూడు నాలుగు సార్లు కొంచెం పల్చగా అవుతుంటే ఓఆర్‌ఎస్ తాగుతూ డాక్టర్‌కి చెప్పి కొనసాగించొచ్చు. నీళ్ళలాగ ఆగకుండా అవుతున్నా, రక్తం జిగట పడుతున్నా, జ్వరంతో కడుపు మెలిపెట్టేస్తున్నా బిళ్ళ ఆపి అదే రోజు చూపించుకోవాలి, మోషన్లు ఆపే బిళ్ళ మాత్రం సొంతంగా వేసుకోకూడదు, లోపల పేగుకి వేరే ఇన్‌ఫెక్షన్ తగులుకుని ఉంటే అది ఇంకా ముదురుతుంది. ఇది కోర్సు అయిపోయిన కొన్ని వారాల తర్వాత కూడా రావచ్చు, అప్పుడు ఎవరికీ 625 గుర్తుండదు, మీరే గుర్తుచేయాలి.

ప్రశ్న: మా పాపకి మూడేళ్ళు, చెవి నొప్పికి డ్రై సిరప్ రాశారు. పొడి సీసాలో నీళ్ళు ఎంత పోయాలో అర్థం కాలేదు, నీళ్ళు పోస్తే లెవెల్ దిగిపోయింది. ఫ్రిజ్‌లో పెట్టాలా? పోయినసారి సిరప్ కొంచెం మిగిలి ఉంది, అది వాడొచ్చా? (కూకట్‌పల్లి నుంచి ఒక అమ్మ)

జవాబు: లెవెల్ దిగడం అందరికీ జరిగేదే, కంగారు పడకండి. ముందు మూత తీయకుండానే సీసాని అరచేతిలో తట్టండి, అడుగున గడ్డ కట్టిన పొడి విడిపోవాలి. తర్వాత కాచి బాగా చల్లార్చిన నీళ్ళు, లేదా డబ్బాలో చిన్న నీళ్ళ సీసా ఇచ్చి ఉంటే అదే, గీతకి కొంచెం కిందదాకా పోసి బాగా గిలక్కొట్టండి. ఐదు నిమిషాలు ఆగండి. నురగ దిగాక లెవెల్ పడిపోయి ఉంటుంది, ఇప్పుడు సరిగ్గా గీత దాకా పోసి మళ్ళీ గిలక్కొట్టండి. వేడి నీళ్ళు పోస్తే పొడి త్వరగా కరుగుతుందని పోసేవాళ్ళున్నారు, అలా చేస్తే క్లావులానిక్ యాసిడ్ మొదటిరోజే పాడవుతుంది. దానికి వేడీ తడీ రెండూ శత్రువులే, అందుకే కంపెనీ దాన్ని పొడిగా ఇచ్చి కలిపే పని మీ మీద పెట్టింది.

కలిపాక ఫ్రిజ్‌లోనే, డోర్‌లో కాదు లోపలి అరలో, ఫ్రీజర్‌లో అస్సలు కాదు. లేబుల్ మీద సాధారణంగా 7 రోజులు అని ఉంటుంది, కలిపిన తేదీ పెన్నుతో సీసా మీద రాసేయండి. కరెంటు పోయి ఓ గంట ఫ్రిజ్ ఆగితే కొంపేం మునగదు గానీ రోజంతా బయట మర్చిపోతే పారేసి కొత్తది కలుపుకోవాలి. పోయినసారిది వాడొచ్చా అన్నారు, బయటికి తీసి చూడండి, కలిపినప్పుడు తెల్లగా ఉన్నది ఇప్పుడు ముదురు పసుపు పచ్చగానో గోధుమ రంగులోనో ఉంటుంది. అందులో అమాక్సిసిలిన్ కొంత మిగిలి ఉన్నా క్లావులానిక్ యాసిడ్ ఎప్పుడో పోయింది. సింకులో పోయకండి, సీసాతో సహా మామూలు చెత్తలో కలపకుండా విడిగా కట్టి పారేయండి.

ఇంకోటి, సీసా మీద నంబరు చూశారా? ఈ సిరప్‌లు 228.5 అని ఒకటి, 457 అని ఒకటి వస్తాయి, 5 మిల్లీలీటర్లలో రెండో దాంట్లో మందు మొదటిదానికి సరిగ్గా రెట్టింపు. చీటీలో "5 మి.లీ." అని ఉండి షాపులో సీసా మారిపోతే పాప డోసు రెట్టింపో సగమో అయిపోతుంది. చీటీ మీద నంబరూ సీసా మీద నంబరూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే కదలండి. కొలవడానికి వంటింటి చెంచా వద్దు, డబ్బాలో వచ్చిన మూతో, సూది లేని సిరంజో వాడండి.

ప్రశ్న: మా మామగారికి 67 ఏళ్ళు. ఊపిరితిత్తుల్లో నిమ్ము అని పది రోజులు 625 వాడారు, తగ్గింది. మూడు వారాలైంది మందు మానేసి. ఇప్పుడు ఒళ్ళంతా దురద, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తోంది, కళ్ళు పచ్చబడ్డాయి. పక్క ఊళ్ళో పచ్చకామెర్లకి పసరు పోస్తారు, తీసుకెళ్దామని అనుకుంటున్నాం. (కరీంనగర్)

జవాబు: ఈ ఉత్తరం చదవగానే పత్రిక ఆఫీసు వాళ్ళతో చెప్పి వాళ్ళకి మెసేజ్ పెట్టించాను, అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదిది. మిగతా పాఠకుల కోసం ఇక్కడ రాస్తున్నా.

625కి ఉన్న అసలైన చెడ్డ గుణం ఇదే, చాలామందికి తెలీనిదీ ఇదే. అరుదుగా కొందరికి లివర్‌లో పైత్యరసం దారి మూసుకుపోయినట్టయి కామెర్లొస్తాయి. వయసు మీద పడ్డ మగవాళ్ళలో, ఎక్కువ రోజులు వాడినవాళ్ళలో ఎక్కువ చూస్తాం. దీని తిరకాసు ఏంటంటే మందు వాడుతున్నప్పుడే రావాలని లేదు, ఆపేసిన వారాల తర్వాత కూడా రావచ్చు, అప్పటికి బిళ్ళ సంగతి అందరూ మర్చిపోయి ఉంటారు, "నీళ్ళు తేడా చేశాయి" అని అనుకుంటారు. ఇందులోనూ నింద ఎక్కువ క్లావులానిక్ యాసిడ్‌దే, ఉత్త అమాక్సిసిలిన్‌తో ఇలా అవడం చాలా తక్కువ.

అలాగని ఇది కచ్చితంగా 625 పనే అని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. పైత్యనాళంలో రాయి అడ్డుపడ్డా, హెపటైటిస్ వచ్చినా, ఇంకేదైనా పెరుగుతున్నా ఇవే లక్షణాలు. అందుకే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి లివర్ ఫంక్షన్ టెస్ట్, కడుపు స్కానింగ్ చేయించాలి, డాక్టర్ అడగకపోయినా "పోయిన నెల పది రోజులు 625 వాడారండీ" అని మీరే చెప్పాలి. పసరుకి తీసుకెళ్ళొద్దు. అసలే దెబ్బతిన్న లివర్ మీద ఏ ఆకో తెలీని పసరు పోస్తే తర్వాత ఏది దేనివల్లో తేల్చడం ఎవరి వల్లా కాదు. మందు వల్ల వచ్చినదైతే చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది, కొద్దిమందికి మాత్రం ముదురుతుంది. అలా అని తేలితే ఆయన జన్మలో మళ్ళీ ఈ జోడీ బిళ్ళ వేసుకోకూడదు, ఆ మాట ఫైలు మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాయించుకోండి.

ప్రశ్న: మా బాబుని వీధి కుక్క పిక్క మీద కరిచింది, రక్తం వచ్చింది. మా వీధి ఆర్‌ఎంపీ గారు టీటీ ఇంజెక్షన్ చేసి 625 రాశారు. యాంటీబయాటిక్ వేస్తున్నాం కాబట్టి కుక్క ఇంజెక్షన్లు అక్కర్లేదు కదా? (హన్మకొండ)

జవాబు: అక్కరుంది! నూటికి నూరుపాళ్ళు అక్కరుంది, ఇది చదువుతూ ఉండగానే బయల్దేరండి. కుక్క కాటుకి 625 రాయడం తప్పు కాదు, నిజానికి కుక్క పిల్లి నోట్లో ఉండే బాక్టీరియాకి ఇది మంచి మందు, పుండు చీము పట్టకుండా కాస్తుంది. కానీ రేబీస్ వైరస్. 625 ఎన్ని వేసినా దాన్ని ఆపలేదు. టీటీ ధనుర్వాతానికి, దీనికీ సంబంధం లేదు. రేబీస్ లక్షణాలు మొదలయ్యాయంటే ఇక దాదాపు ఎవరూ బతకరు, అవి మొదలవకుండా ఆపేది ఆ కుక్క ఇంజెక్షన్లే.

కరిచిన చోట సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి, పసుపు, కారం, సున్నం ఏదీ అద్దకూడదు. ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మం లోపలికి ఇచ్చే టీకా మొదటి రోజుని సున్నా అనుకుంటే 0, 3, 7, 28 రోజుల్లో ఉంటుంది. రక్తం వచ్చిన కాటు కాబట్టి పుండు చుట్టూ ఇమ్యూనోగ్లోబులిన్ (టీకా పనిచేయడం మొదలుపెట్టేలోపు వైరస్‌ని అడ్డుకునే ఇంజెక్షన్) కూడా చేయాలి, దాని గురించి మీరే అడగండి. కరిచి రోజులు గడిచాయి కదా ఇప్పుడేం లాభం అనుకోకండి, ఆలస్యమైనా మొదలుపెట్టాల్సిందే.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయికి నాలుగేళ్ళప్పుడు విజయవాడలో జ్వరానికి ఈ సిరప్ వాడితే ఐదో రోజు ఒళ్ళంతా సన్నటి ఎర్ర పొక్కులొచ్చాయి. ఇక్కడ డాక్టర్‌కి చెప్తే పెన్సిలిన్ ఎలర్జీ అని రికార్డులో ఎక్కించారు. ఇప్పుడు 17 ఏళ్ళు. జీవితాంతం ఇంతేనా?

జవాబు: ఇంతే కాకపోవచ్చు. మీ దేశంలో సుమారు నూటికి పదిమంది రికార్డులో పెన్సిలిన్ ఎలర్జీ అని ఉంటుంది, పరీక్ష చేస్తే నిజంగా ఎలర్జీ ఉన్నవాళ్ళు జనాభాలో ఒక శాతం కూడా ఉండరని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీనే చెప్తుంది. నిజంగా ఎలర్జీ ఉన్నవాళ్ళలో కూడా పదేళ్ళు గడిస్తే పదిమందిలో ఎనిమిది మందికి అది పోతుంది. చిన్నపిల్లలకి వైరల్ జ్వరం ఉన్నప్పుడు ఈ మందు వేస్తే నాలుగైదు రోజులకి పొక్కులు రావడం మామూలే, అది చాలాసార్లు వైరస్ వల్ల వచ్చేది. అసలైన ఎలర్జీ సాధారణంగా గంటలోపే తెలుస్తుంది: ఉబ్బెత్తుగా దురద దద్దుర్లు, పెదాలు కనురెప్పలు వాయడం, గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, కళ్ళు తిరిగి పడిపోవడం. అవి వస్తే ఒక్క క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సిందే.

మీరు ఎలర్జిస్ట్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి. చరిత్ర విని, అవసరమైతే చర్మం మీద పరీక్ష చేసి, తర్వాత వాళ్ళ కళ్ళముందే ఒక డోసు వేసి కూర్చోబెట్టి చూస్తారు. "మనమే ఇంట్లో అర బిళ్ళ వేసి చూద్దాం" అని మాత్రం అనుకోకండి.

మన దగ్గర పరిస్థితి సరిగ్గా తిరగబడి ఉంటుంది, రాసిపెట్టేవాళ్ళే ఉండరు. కౌంటర్ దగ్గర "ఏ మందైనా పడదా అమ్మా?" అని అడిగితే "పెన్సిలిన్ పడదండీ" అంటారు. పడకపోతే ఏమైంది అంటే ఒకరికి గ్యాస్ వచ్చింది, ఒకరికి నోరు చేదైంది, ఇంకొకరికి ఊపిరాడక ఆసుపత్రిలో పెట్టారు! మూడింటికీ మనకున్నది ఒక్కటే మాట, పడదు. దయచేసి ఆ మాట దగ్గర ఆగకండి, వేసుకున్న ఎంతసేపటికి ఏమైందో చెప్పండి, దాన్ని బట్టి సెఫలోస్పోరిన్ లాంటి దగ్గర బంధువు మందులు ఇవ్వొచ్చా లేదా అనేది కూడా డాక్టర్ తేల్చుకుంటారు.

ప్రశ్న: కీళ్ళవాతానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నాను. సైనస్ అని వేరే డాక్టర్ 625 రాశారు. రెండూ కలిపి వేసుకోవచ్చా? (భీమవరం)

జవాబు: అడిగి మంచి పని చేశారు. పెన్సిలిన్ కుటుంబం మందులు మెథోట్రెక్సేట్‌ని కిడ్నీ బయటికి పంపకుండా అడ్డుపడతాయి, దాంతో అది ఒంట్లో పేరుకుని రక్తకణాల మీద దెబ్బ కొట్టొచ్చు. అందరికీ అవదు, కిడ్నీ కొంచెం నెమ్మదించిన పెద్దవాళ్ళకి భయం ఎక్కువ. సైనస్ డాక్టర్‌కి మెథోట్రెక్సేట్ సంగతి చెప్పండి, కీళ్ళ డాక్టర్‌కి ఫోన్ చేసి 625 సంగతి చెప్పండి, వేరే యాంటీబయాటిక్ మార్చడమో, ఆ వారం మెథోట్రెక్సేట్ ఆపడమో, రక్త పరీక్ష చేయించడమో వాళ్ళు నిర్ణయిస్తారు. ఈలోగా నోట్లో పుళ్ళు, జ్వరం, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తే ఆగకండి.

ఉత్తరం భీమవరం నుంచి వచ్చింది కాబట్టి ఒక మాట అనకుండా ఉండలేకపోతున్నా. మీరు వేసుకుంటున్న ఆ మెథోట్రెక్సేట్ అమెరికాలో లెడర్లీ కంపెనీలో యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం చేతుల్లో పుట్టింది. ఆయన 1895లో పుట్టింది మీ ఊళ్ళోనే. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా 1948లో ఆ ల్యాబ్ నుంచే వచ్చింది.

రక్తం పలచబడే మందులు, అంటే వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటివి వాడేవాళ్ళు కూడా ఇదే పద్ధతి, 625 మొదలుపెట్టే ముందు చెప్పి ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చూసే) పరీక్ష మామూలు కంటే ముందే చేయించుకోవాలి. యూరిక్ యాసిడ్‌కి అల్లోప్యూరినాల్ వాడేవాళ్ళకి పొక్కులొచ్చే అవకాశం ఎక్కువ. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి డోసే మారుతుంది, 1000 బిళ్ళ అసలు ఇవ్వరు.

ఇక చిన్న చిన్నవి గబగబా.

మందు తాగొచ్చా అని ముగ్గురు అడిగారు, ముగ్గురూ ఊరి పేరు రాయలేదు. 625కీ మందుకీ సూటిగా గొడవ లేదు, కానీ పంటి డాక్టర్లు దీంతో పాటు తరచుగా మెట్రోనిడజోల్ కూడా రాస్తారు, అదుంటే మాత్రం వాడినన్నాళ్ళూ, ఆపిన తర్వాత ఇంకో మూడు రోజులూ చుక్క ముట్టొద్దు, వాంతులు, గుండెదడ, మొహం ఎర్రబడడం లాంటివి రావచ్చు. చీటీ మళ్ళీ చదువుకోండి.

ఒక పూట మర్చిపోతే? గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, తర్వాతి పూట టైమ్ దగ్గర పడితే మర్చిపోయినది వదిలేయండి. రెండు కలిపి మింగొద్దు. ఈ రెండు మందులూ గంట గంటకీ రక్తంలో సగానికి పడిపోయే రకం, అందుకే పొద్దున పదికి ఒకటి, మధ్యాహ్నం రెండుకి ఇంకొకటి వేసేసి "రెండు పూటలు అయిపోయాయి" అనుకుంటే రాత్రంతా ఒంట్లో మందే ఉండదు.

దొంగ బిళ్ళలు వస్తున్నాయట, ఎలా తెలుసుకోవాలి అని ఒంగోలు నుంచి అడిగారు. 2023 ఆగస్టు 1 తర్వాత తయారైన, బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి, ఆగ్‌మెంటిన్ ఆ జాబితాలో ఉంది. ఫోన్‌తో స్కాన్ చేస్తే వచ్చే బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, స్ట్రిప్ మీద ఉన్నవాటితో కలవాలి. బిల్లు అడిగి తీసుకోండి. జన ఔషధి షాపుల్లో దొరికే 625లో కూడా అదే 500, అదే 125, చవక అని చిన్నచూపు అక్కర్లేదు. స్ట్రిప్ వెనక నిలువుగా ఎర్ర గీత ఉంటుంది చూడండి, డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని దానర్థం. 2016లో కేంద్రం దాని మీద ప్రచారం కూడా చేసింది, అయినా చాలామంది దాన్ని డిజైన్ అనుకుంటారు.

ప్రశ్న: మా అమ్మకి రోజూ ఏడెనిమిది బిళ్ళలు. మర్చిపోకుండా ఉంటుందని వారం రోజుల గళ్ళ డబ్బాలో అన్నీ విప్పి పెట్టేస్తాను. 625 పెద్దగా ఉండి మింగలేకపోతోందని సగం విరిచి పెట్టా. మూడో రోజుకే బిళ్ళ మీద పసుపు మచ్చలొచ్చాయి, వేరే వాసన వస్తోంది. (రాజమండ్రి)

జవాబు: తణుకు ఆవిడకి చెప్తానన్నది ఇదే. మీరు 625 స్ట్రిప్ ఎప్పుడైనా పరీక్షగా చూశారా? మామూలు బిళ్ళల్లాగ పైన పారదర్శకంగా ప్లాస్టిక్ ఉండదు, రెండువైపులా మందపాటి రేకే. చాలా కంపెనీలు ఆ రేకుని మళ్ళీ ఒక పౌచ్‌లో పెట్టి లోపల తేమ పీల్చే చిన్న సంచి వేస్తాయి. ఇంత పటాటోపం ఆ 125 కోసమే, గాలిలో తడి తగిలిందంటే అది చెడిపోతుంది. గోదావరి గట్టు గాలిలో, అదీ విరిచిన బిళ్ళ, కోటింగ్ లేని లోపలి భాగం బయటపడి ఉంది కాబట్టి మూడు రోజులు ఆగడమే ఎక్కువ.

మచ్చలొచ్చినవి పారేయండి. 625 ఒక్కదాన్ని మాత్రం డబ్బాలో పెట్టకుండా స్ట్రిప్‌లోనే ఉంచి, ఆ పూట గడిలో ఒక చిన్న కాగితం ముక్క మీద "625" అని రాసి పెట్టండి, అది చూసి అప్పుడే విప్పి ఇవ్వొచ్చు. మింగలేకపోతే అప్పటికప్పుడు మధ్యకి విరిచి రెండు ముక్కలూ ఒకదాని వెంట ఒకటి ఆ పూటే మింగించండి, సగం ఇప్పుడు సగం రాత్రికి అని దాచొద్దు. అదీ కష్టమైతే సిరప్‌గా మార్చమని డాక్టర్‌ని అడగండి, పెద్దవాళ్ళకి కూడా రాస్తారు. వంటింట్లో స్టవ్ పక్క అలమరలో పెట్టకండి, ఫ్రిజ్‌లో కూడా వద్దు, బిళ్ళకి ఫ్రిజ్ అక్కర్లేదు, బెడ్‌రూమ్ బీరువాలో పై అర చాలు.